పన్నెండు గ్రాఫులు, ఒకే కొలత

"ఇంకా గా రంగులు నింపుడేనా?" అన్నాడు అంబదాస్, తాగిన టీ గ్లాసును వంటగట్టు మీద భార్య లాప్‌టాప్ పక్కన పెడుతూ. సింకు రెండడుగుల దూరంలో ఉంది. పదకొండేళ్ల కాపురంలో ఆ రెండడుగులు ఆయన ఏనాడూ నడిచిన పాపాన పోలేదు.

రోజారాణి గ్లాసు వంక చూసింది, మళ్లీ తెర వంక చూసింది. ఆదివారం పొద్దున పది. రేపటికల్లా పన్నెండు గ్రాఫులు ఒక్క తీరుగా తయారు కావాలి. కరీంనగర్‌లో ఆమె పనిచేసే పరిశోధన ప్రాజెక్టు, సిరిసిల్లలో సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు నడిచే ఇళ్లలో మనుషులకు చెవులు ఎంతవరకు వినబడుతున్నాయో పరీక్ష చేసింది. ఆరుగురు స్కాలర్లు తలా రెండు గ్రాఫులు పంపారు, మగవాళ్లది ఒకటి, ఆడవాళ్లది ఒకటి. పంపడమంటే పారేయడమే. ఒకరి అక్షరాలు చీమలంత, ఇంకొకరివి సినిమా పోస్టరంత. భానుప్రసాద్ అయితే గ్రాఫు వెనక గులాబీ రంగు పులిమాడు, పెళ్లి పత్రికనుకున్నాడో ఏమో! ఇక నిలువు గీత మీది అంకెలు ఒకదానికి యాభై దాకా, ఇంకొకదానికి నూట ఇరవై దాకా, ఎవరి ఇష్టం వాళ్లది. ఆ గజిబిజినంతా సర్దడం రోజారాణి పని. ఎందుకయ్యా అంటే, ప్రాజెక్టు పెద్ద విద్యాధర్ సార్ మొదటిరోజే తేల్చేశారు: "ముగ్గులేసిన చెయ్యి గదమ్మా, రంగుల సంగతి నీకే ఎరుకైతది." ఆమె స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసు. ఆ సంగతి ముగ్గుపిండిలో కలిసిపోయింది. మూడేళ్లలో నాలుగు పేపర్లు అచ్చయ్యాయి, నాలుగింట్లోనూ బొమ్మలు ఆమెవే, ఒక్కదాంట్లోనూ పేరు లేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే మరి. అత్త లింగవ్వ చుట్టాలతో చెప్పే మాట ఇంకో రకం: "పొద్దుందాక గా డబ్బ ముందల కూసుంటది, ఏం జేస్తదో ఏమో!"

ఆమె ఏం చేసిందంటే, పన్నెండింటికీ ఒకే అచ్చు తయారుచేసింది. ఒకే అక్షరాలు, ఒకే మందం గీతలు, మగవాళ్లకు నీలం, ఆడవాళ్లకు నారింజ, నిలువు కొలత సున్నా నుంచి ఎనభై. ఎంత పెద్ద శబ్దం చేస్తేగానీ వినబడదో ఆ అంకె అది. గీత ఎంత పైకి లేస్తే చెవి అంత పోయినట్టు. ఆ అచ్చులో పెట్టి చూసేసరికి నారింజ గీతలు లేచి నీలం గీతల పక్కన కూర్చున్నాయి. తనే ఏదో తప్పు చేశాననుకుంది. అంకెలన్నీ మళ్లీ సరిచూసింది. తప్పేమీ లేదు. ఇన్నాళ్లూ మగవాళ్ల గ్రాఫు యాభైకే ఆగింది కాబట్టి వాళ్ల గీత ఆకాశానికి లేచినట్టుండేది, ఆడవాళ్లది నూట ఇరవై దాకా సాగింది కాబట్టి గీత అడుగున పడుకున్నట్టుండేది. ఎవరూ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. చూడకుండానే, చెవుడు మగవాళ్లకే ఉంది, చెవి మిషన్లు వాళ్లకే ఇప్పించాలని సర్కారు ఆఫీసు కోసం సార్ వాళ్లు రిపోర్టు రాసేశారు. నారింజ గీతల కింద పేరు కూడా ఉంది: పని చేయని స్త్రీలు.

ఒళ్లు మండిపోయింది రోజారాణికి. మొదటి మంట తన మీదే. సిరిసిల్లలో చెవుల పరీక్ష క్యాంపు పెట్టినప్పుడు ఫారాలు నింపింది తనే కదా! ఫారంలో రెండే గళ్లు, కార్మికులు, ఇంటి మనుషులు. "నువ్వేం పని జేస్తవ్?" అంటే ప్రతి ఆడమనిషీ "ఏం లేదమ్మా, ఇంట్లనే ఉంట" అంది. అక్కడ ఇల్లు వేరా, సాంచాలు వేరా? ముందర నాలుగు సాంచాలు దడదడలాడుతుంటే వాటి పక్కనే కూర్చుని పొద్దంతా కండెలకు నూలు చుడతారు. అదే ఊళ్లో ఉండే కన్నతల్లి చంద్రవ్వ వచ్చి ఎదుట కూర్చున్నప్పుడు కూడా ఈ కూతురు మహాతల్లి అడగనైనా అడగకుండా ఇంటి మనిషి అని టిక్కు పెట్టింది.

విద్యాధర్ సార్‌కు ఫోన్ చేసింది.

"సార్, ఒక్కటే కొలత పెడితే ఆడోళ్ల గీత మొగోళ్లతోని సమానంగ వస్తున్నది."

"పని చేయనోళ్లకు చెవుడెట్ల వస్తదమ్మా? టెస్టులనే ఏదో గడబిడ అయుంటది. ఆడోళ్లవాటికి పాత కొలతనే ఉంచు."

"వాళ్లు కండెలు చుడుతరు సార్, సాంచల పక్కకే కూసోని."

"అది ఇంట్ల పనే గదా! నువ్వు నీటుగ ఫార్మాటింగ్ చెయ్యి, సైన్సు మేం జూసుకుంటం." పెట్టేశారు.

అంతా విన్న అంబదాస్ పేపర్ మడుస్తూ, "సార్ చెప్పినట్టు జెయ్యరాదు? రిపోర్టు మీద నీ పేరా, పాడా? ఉన్న నౌకరి గూడ పోగొట్టుకుంటవ్" అన్నాడు.

ఆమె తన తల్లికి ఫోన్ చేసింది. ఎప్పుడు చేసినా చంద్రవ్వ "ఆఁ? సిగ్నల్ లేదు బిడ్డా" అనేది, రోజారాణి విసుక్కుని పెట్టేసేది. ఎన్నేళ్లు సిగ్నల్‌ను తిట్టుకుందో! ఇవాళ కూడా అవతల సాంచాల మోత.

"అవ్వా, ఏం జేస్తున్నవ్?"

"ఆఁ?"

"ఏం జేస్తున్నవే?"

"ఏం లేదు బిడ్డా, ఉత్తగనే ఉన్న. ఇగో, గీ కండెలు చుడుతున్న."

రోజారాణికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, అంతా ఇంతా కాదు. ఫోన్ పెట్టేసి లాప్‌టాప్ ముందు కూర్చుంది. పన్నెండింటికీ ఎనభై కొలతే ఉంచింది. నారింజ గీతల కింద పేరు తీసేసి "కండెలు చుట్టే కార్మికులు" అని రాసింది, ఆరు గ్రాఫుల్లోనూ, ఒకే అక్షరాల్లో. తర్వాత సార్‌కూ, ఆరుగురు స్కాలర్లకూ, రిపోర్టు అడిగిన ఆఫీసుకూ కలిపి ఒకే ఉత్తరం రాసింది: "ఫారాల్లో తప్పు గడిలో టిక్కు పెట్టింది నేనే. ఆ ఆడవాళ్లందరినీ మళ్లీ అడిగి సరిచేస్తాను. రెండు గీతలకు రెండు కొలతలు పెట్టి మాత్రం నేను గీయను. ఈ సంగతి బయటపెట్టింది నేను కాబట్టి రిపోర్టులో నా పేరు ఉండాలి." కింద పూర్తి పేరు, ఎమ్మెస్సీతో సహా పెట్టి పంపేసింది.

అప్పుడే ఫోన్ మోగింది, తెర మీద సార్ పేరు. వెంటనే ముందు గదిలోంచి అంబదాస్ కేక: "అన్నమైందా?"

"కాలే" అంది ఫోన్ అందుకుంటూ. "కుక్కర్ మీరు పెట్టుకోండ్రి. నేను పని మీదున్న."