మూత లేవని ఆరు వారాలు

నగరపాలక సంస్థ మీద అక్క వేసిన దావా ఏడేళ్లు నడిచి, ఒక మంగళవారం రాజీకి వచ్చింది. వాన పడ్డప్పుడల్లా ఆమె ఇంటి ముందున్న మ్యాన్‌హోల్ పొంగి, మురుగు వీధి వెంట పారి నదిలో కలుస్తోందన్నది దావా. సాక్ష్యం తమ్ముడి రిజిస్టరు. తమ్ముడు అదే సంస్థలో మురుగు పంపుహౌస్ ఆపరేటర్. పొంగును కొలవడానికి అతనికి మీటరు ఎవరూ ఇవ్వలేదు. వాన వెలిశాక సైకిలు మీద వెళ్లి మ్యాన్‌హోల్ మూత చూసేవాడు. పక్కకు జరిగి ఉంటే కాలితో తోసి మూసి, "మూత లేచింది" అని రాసేవాడు. కారణం గడిలో "వాన" అని రాసేవాడు. అలా రెండువందల పదమూడు సార్లు రాశాడు.

రాజీపత్రంలో పొంగు అంటే ఏమిటో తేల్చాల్సి వచ్చింది. లాయర్లిద్దరూ రిజిస్టరు తిరగేశారు. అందులో ఉన్నది ఒకటే మాట. అదే నాలుగో షరతు అయింది: మూత లేస్తే పొంగినట్టు, లేవకపోతే పొంగనట్టు. ఆరు వారాలు లేవకపోతే కేసు శాశ్వతంగా ముగుస్తుంది. ఒక్కసారి లేచినా మళ్లీ కోర్టుకే.

"గెలిచామమ్మా," అన్నాడు అక్క లాయరు.

"అయితే గడప దగ్గర ఇసుక బస్తాలు తీసెయ్యొచ్చా?"

"నిశ్చింతగా."

మూడో రోజు సంస్థ ఇంజనీరు వచ్చాడు. నలుగురు కూలీలు సిమెంటు దిమ్మ మోసుకొచ్చి మూత మీద పెట్టారు. ఇంజనీరు దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు.

తర్వాతి వానకు మూత లేవలేదు. మురుగు అక్క బాత్‌రూములోంచి పైకి వచ్చి, వంటగది దాటి, ముందుగదికి చేరింది. తమ్ముడు వచ్చేసరికి ఆమె భోజనాల బల్ల మీద కూర్చుని ఉంది.

"పెనం మీంచి పొయ్యిలో పడేశావు కదరా!"

"మూత లేవలేదక్కా."

"మూత లేవలేదు. నా మంచం లేచింది, చూడు!"

తమ్ముడి వెనకే వచ్చిన ఇంజనీరు గుమ్మం బయటే ఆగాడు. "బాత్‌రూము మీ సొంతమమ్మా. అందులో మూత లేదు. షరతు వర్తించదు."

"అయితే దానికీ ఒక మూత పెట్టించు నాయనా. అది లేచినప్పుడల్లా నేనే రాసుకుంటా."

ఇంజనీరు జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. "ప్రతిపాదన పంపుతాను," అన్నాడు.

ఆరో వారం చివరికొచ్చేసరికి ఐదు వానలు పడ్డాయి. ఐదుసార్లూ తమ్ముడు మోకాళ్ల దాకా ప్యాంటు మడిచి అక్క ఇల్లు కడిగి, పంపుహౌస్‌కు వెళ్లి "మూత లేవలేదు" అని రాశాడు. చివరి రోజు ఉదయం ఇంజనీరు అతనికి ఒక ఫారం ఇచ్చాడు. పొంగులు సున్నా అని సాయంత్రం ఐదింటికల్లా ఆపరేటర్ సంతకం చేయాలి.

"సంతకం పెట్టెయ్. సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ ఉంది, తెలుసుగా."

మధ్యాహ్నం రెండింటికి వాన మొదలైంది. మూడింటికి తమ్ముడు అక్క ఇంటికి వెళ్లాడు. సైకిలుకు గునపం కట్టి ఉంది.

"గోడ పగలగొడతావురా?" అంది అక్క బల్ల మీంచి.

"నువ్వు కూడా ఓ చెయ్యి వెయ్యి. నలుగురు ఎత్తిన దిమ్మ."

ఇద్దరూ గునపం మీద బరువు వేశారు. మూడోసారికి దిమ్మ దొర్లింది. మూత దానంతట అదే లేచి పక్కకు పడింది. మురుగు పాత దారిలో నది వైపు పారింది. అరగంటలో ముందుగదిలో నేల కనబడింది.

తమ్ముడు గడప మీద కూర్చుని సంచిలోంచి రిజిస్టరు తీశాడు.

"నీ ఉద్యోగం పోతుందేమోరా," అంది అక్క.

"పోతే క్వార్టరూ పోతుంది. ఎక్కడుండాలి?"

"ముందుగదిలో ఉందువుగాని. ఆరుతోందిగా."

అతను తేదీ వేసి, "మూత లేచింది" అని రాశాడు. కారణం గడి దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత "గునపం" అని రాసి, సంతకం పెట్టాడు.