గాజు గొంతు, చిన్న కుర్చీ

పొద్దున తొమ్మిది కొట్టకముందే సిస్టర్ గది తాళం తీసి, కిటికీ తెరిచి, ట్రేలో సీసాలు సర్దుకుని, చివరగా మెత్తటి తడిగుడ్డతో తన గొంతు తుడుచుకునేది. గడ్డం కింద నుంచి యూనిఫాం కాలరు దాకా ఆవిడ గొంతు గాజు. బస్సు దుమ్ముకి మసకబారుతుంది. మసక గొంతుతో ఆ ఉద్యోగం చెయ్యడం కుదరదు మరి.

పిల్లల ఆస్పత్రిలో, వరండా చివర, ఎక్స్‌రే గది పక్కన ఆవిడ గది. పిల్లలకి మాత్రలు మింగడం నేర్పడం ఆవిడ పని. "ఇదీ ఒక ఉద్యోగమేనా?" అని చుట్టాలు నవ్వేవారు. ఆ నవ్వినవాళ్ళే, ఇంట్లో పిల్లకి జ్వరం వస్తే మాత్ర నూరి, తేనె కలిపి, ఒకరు కాళ్ళు పట్టుకుని, ఒకరు ముక్కు మూసి, ఆఖరికి అంతా తమ మీదే కక్కించుకుని, మర్నాడు బుద్ధిగా ఆవిడ గది ముందు బెంచీ మీద కూర్చునేవారు.

సీసాల్లో ఉండేవి పంచదార గుళికలు, కేకుల మీద చల్లుతారే, అవి. మొదటి సీసాలో గసగసాలంత, రెండోదాంట్లో ఆవగింజంత, తర్వాత పెసరగింజంత, ఆఖరుదాంట్లో శనగగింజంత. పిల్లని చిన్న కుర్చీలో కూర్చోబెట్టి, తను కిటికీకి వీపు పెట్టి ఎత్తు స్టూలు మీద కూర్చునేది. "నా వంక చూడు" అని నాలుక నడిమధ్య గుళిక పెట్టుకుని, గుక్కెడు నీళ్ళు పట్టి, గడ్డం ఎత్తకుండా గుటక వేసేది. వెనకనుంచి వెలుతురు పడేది. గుళిక నీళ్ళతోపాటు జర్రున జారి కాలరు వెనక మాయమయ్యేది. పిల్లలు "అంతేనా!" అని చప్పట్లు కొట్టేవారు. రెండోరోజుకల్లా నేర్చుకుని పోయేవారు. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస.

ఇబ్బందల్లా ఇంట్లోనే. దొంగచాటుగా చెంచాడు పంచదార నోట్లో వేసుకున్నా అత్తగారికి కనపడిపోయేది. "దిగుతోందమ్మా, దిగుతోంది. కనీసం అటు తిరిగి తినవే" అనేది ఆవిడ.

ఒక సోమవారం ఒక అమ్మమ్మ ఎనిమిదేళ్ళ మనవరాలిని చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చింది. వాళ్ళమ్మ బట్టల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు. పిల్లని ఇంట్లో అందరూ పిడుగు అంటారు. పిడుగుకి ఫిట్స్. సిరప్పుకి అవి లొంగడం మానేశాయి. కిందటి నెల ఫిట్ వచ్చి మెట్లమీద పడి పన్ను విరగ్గొట్టుకుంది. డాక్టరమ్మ కొత్త మాత్ర రాసింది. అది రోజంతా కొంచెం కొంచెంగా కరగాల్సిన మందు. నూరితే ఒక్కసారే ఒంట్లో పడుతుంది, కాబట్టి నూరకూడదు, కొరకకూడదు. మింగాల్సిందే.

"శుక్రవారం దాకా చూద్దాం. అప్పటికీ మింగకపోతే వార్డులో చేర్చి సూదిమందు మొదలుపెడదాం. మళ్ళీ పెద్ద ఫిట్ వస్తే ఈసారి పన్నుతో పోదు" అంది డాక్టరమ్మ.

సిస్టర్ ఆవగింజంత గుళిక మింగి చూపించింది. పిడుగు కళ్ళు చికిలించి చూసింది. చప్పట్లు కొట్టలేదు.

"ఇప్పుడు నువ్వు."

పిల్ల గుళిక నోట్లో వేసుకుంది, నీళ్ళు తాగింది, గుళికని మళ్ళీ అరచేతిలో ఉమ్మి భద్రంగా ట్రేలో పెట్టింది.

"అయ్యో రాత!" అంది అమ్మమ్మ. "రబ్బరు, బలపం, చొక్కా గుండీ కూడా మింగావు కదే! ఇది పంచదారే, నీకేం మాయరోగం?"

"బలపం నేను మింగలేదు. నమిలాను" అంది పిడుగు.

మంగళవారం గసగసాలంతది ఇస్తే నాలుక కింద దాచింది. బుధవారం అమ్మమ్మ బతిమాలింది, సైకిలు కొనిపెడతానంది, కాళ్ళు విరగ్గొడతానంది. విరిగిన కాళ్ళకి సైకిలెందుకని పిడుగు అడిగింది. సిస్టర్ నవ్వాపుకుని, ఇంకోటి మింగి చూపించింది. పిల్ల చిన్న కుర్చీలో ఇంకా కిందికి జారి, తల వంచి, పైకి చూసింది. "ఇంకోసారి మింగండి" అంది. సిస్టర్ మింగింది. "ఇంకోసారి." అలా పదకొండు గుళికలు. తను మాత్రం ఒక్కటీ ముట్టుకోలేదు.

"చూడండి, మిమ్మల్ని ఆడిస్తోంది!" అంది అమ్మమ్మ.

గురువారం బయట బెంచీ మీదే పిడుగుకి ఫిట్ వచ్చింది. నీళ్ళసీసా దొర్లిపోయింది. అమ్మమ్మ నోట్లో చెంచా పెట్టబోతే సిస్టర్ "ఏమీ పెట్టకండి!" అని అరిచి, పిల్లని పక్కకి తిప్పి, తలకింద తన అరచెయ్యి పెట్టి, గోడ గడియారం చూస్తూ కూర్చుంది. మూడు నిమిషాలు. తెలివి వచ్చాక పిడుగు అందరి మొహాలూ చూసి, "నేనేం చెయ్యలేదు" అంది. ఆ మాటకి అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

శుక్రవారం వార్డులో మంచం సిద్ధం చేశారు. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి చేతిగడియారం చూసుకుంటోంది. సిస్టర్ గుళికల ట్రే పక్కకి నెట్టేసింది.

"ఎందుకు మింగవమ్మా?" అని అడిగింది.

ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. ఐదు రోజులు బతిమాలారు, తిట్టారు, లంచం పెట్టారు, బెదిరించారు. అడగడం మాత్రం అదే మొదటిసారి.

"మీకే అడ్డం పడుతోంది కదా, నాకు పడదా?" అంది పిడుగు.

"నాకా? ఎక్కడ?"

"అక్కడ." పిల్ల వేలు గాజుకి తగలకుండా, కాలరుకి బెత్తెడు పైన ఆగింది. "వెనకపక్క. గింజలా ఉంది. మీరు ఏది మింగినా తిన్నగా వచ్చి, అక్కడ ఆగి, దాని చుట్టూ తిరిగి పోతోంది. నేను లెక్కపెట్టాను. పదకొండుకి పదకొండూ తిరిగాయి."

అమ్మమ్మ "ఇదో కొత్త వంక" అనబోయి ఆగిపోయింది, ఎందుకంటే సిస్టర్ మొహంలో రంగు లేదు. సిస్టర్ గోడమీది అద్దంలో చూసుకుంది. ఏమీ లేదు. ఎదురుగా నిలబడి అమ్మమ్మ చూసింది. గడ్డం నీడే కనపడింది. రోజూ తుడుచుకునే గొంతది. బస్సులో, ఇంట్లో, వరండాలో ఎంతోమంది చూసే గొంతు.

"ఇక్కణ్ణుంచి చూడాలి" అంటూ పిడుగు లేచి, తన కుర్చీ డాక్టరమ్మకి చూపించింది.

భారీ మనిషి డాక్టరమ్మ. ఆ చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని, తల వంచి, పైకి చూసింది. సిస్టర్ మళ్ళీ స్టూలెక్కి గుటక వేసింది. డాక్టరమ్మ జేబులోంచి టార్చి తీసింది. "మళ్ళీ" అంది. వరండాలో ఎవరో బండి తోసుకుపోతున్న చప్పుడు.

"ఉంది," అంది డాక్టరమ్మ చివరికి. తన మాట తనకే కొత్తగా వినపడినట్టుంది. "గడ్డే. గింజంతే ఉంది. ఇంత చిన్నప్పుడు ఇది ఎవరికీ దొరకదు సిస్టర్. మాట బొంగురుపోయాకో, నీళ్ళు దిగకపోయాకో వస్తారు, అప్పటికి చెయ్యడానికి ఏమీ ఉండదు. ఇప్పుడైతే తీసేయొచ్చు. పదండి, పైన స్కానింగుకి. ఇవాళే."

అమ్మమ్మ కింద చతికిలబడింది. "ఐదు రోజులు తిట్టానే తల్లీ నిన్ను," అంది, ఎవరితోనో తెలియకుండా.

సిస్టర్ కదల్లేదు. తువ్వాలు తీసి గొంతుకి చుట్టుకుంది. ఆ గదిలో ఆవిడ గొంతు కప్పుకోవడం ఎవరూ ఎరగరు.

"ఈ పిల్ల మింగాక వస్తాను."

"సిస్టర్, మీకేమైనా మతిపోయిందా?"

"మంచం వేసి ఉంచారు కదండీ దీనికి. ఐదు నిమిషాలు." పిడుగు వైపు తిరిగింది. "చూడమ్మా, గింజ నా గొంతులో ఉంది. నీ గొంతులో లేదు."

"మీకెలా తెలుసు? నాది కనపడదుగా."

పద్దెనిమిదేళ్ళలో ఏ పిల్లా ఆ ప్రశ్న వెయ్యలేదు. నా వంక చూడు, అన్నదొక్కటే ఆవిడ దగ్గరున్న జవాబు. ఇప్పుడు చూపించడానికి ఏమీ లేదు.

"తెలీదు," అని నిజమే చెప్పింది. "చేత్తో చూస్తాను. ముందు ఉత్తి నీళ్ళు తాగు."

స్టూలు దిగి నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల గొంతు మీద రెండు వేళ్ళు ఆనించింది. వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయేమో, పిడుగు ఉలిక్కిపడింది కానీ తప్పించుకోలేదు. గుటక వేసింది. చర్మం కింద చిన్న బుడిపె పైకి లేచి, కిందికి దిగింది. మళ్ళీ తాగింది. మళ్ళీ లేచి, దిగింది. ఎక్కడా ఆగలేదు.

సిస్టర్ గసగసాల సీసా అందుకోబోయింది.

"అవి వద్దు. అసలుదే ఇవ్వండి," అంది పిడుగు. "మీకు టైం లేదు కదా."

డాక్టరమ్మ అట్ట చింపి మాత్ర ఇచ్చింది. తెల్లగా, కోలగా, శనగగింజ కంటే పెద్దది. పిల్ల నాలుక మధ్యలో పెట్టుకుని, నీళ్ళు పట్టి, సిస్టర్ మొహంలోకి సూటిగా చూసింది. గుటక. వేళ్ళకింద బుడిపె లేచింది. గదిలో నలుగురూ దాంతోపాటే లేచినట్టయింది. దిగింది.

పిడుగు నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించింది. ఏమీ లేదు.

"తిరిగిందా?" అని అడిగింది.

"లేదు. తిన్నగా పోయింది."

అప్పుడు లేచింది సిస్టర్. అమ్మమ్మ ఒక రెక్క, డాక్టరమ్మ ఒక రెక్క పట్టుకున్నారు. లిఫ్టు రావడం ఆలస్యమని మెట్లెక్కించారు. పిడుగు నీళ్ళగ్లాసు పట్టుకుని వెనకే ఎక్కింది.

స్కానింగు గది ముందు బల్ల దగ్గర కూర్చున్నతను కాగితం మీంచి తల ఎత్తకుండా, "పేషెంటు తాలూకు ఎవరండీ?" అన్నాడు.

డాక్టరమ్మ అమ్మమ్మని చూసింది. అమ్మమ్మ డాక్టరమ్మని చూసింది.

"నేను," అని పిడుగు చెయ్యెత్తింది.