చిన్నది మూసిందా?

పొద్దున్నే పెద్దమ్మాయి వంటింట్లోంచి టీ కప్పు పట్టుకుని రాగానే అమ్మ అడిగే మొదటి మాట ఒకటే.

"చిన్నది మూసిందా?"

"మూసిందమ్మా."

అప్పుడు గానీ ఆవిడ కప్పు అందుకోదు. మోకాళ్లు పని చెయ్యడం మానేసిన దగ్గర్నుంచీ కిటికీ పక్క కుర్చీయే ఆవిడ లోకం. చిన్న కూతురు ఇల్లు వదిలి వెళ్లాక ఆ లోకంలోకి వచ్చే వార్త ఇదొక్కటే.

పెద్దమ్మాయి పని మూతలు గియ్యడం, అంటే అచ్చు చెయ్యడానికి కొలతలతో బొమ్మ వెయ్యడం. మొహానికి రాసుకునే పౌడరు డబ్బాలకి ప్లాస్టిక్ మూతలు. పనిచేసే చోట అందరూ ఆవిడని మూతలమ్మ అంటారు, ఓనరుతో సహా. మూతేగా, దానికి గియ్యడం ఏమిటీ అని నవ్వేవాళ్లు ఉంటారు. అలాంటివాళ్ల చేతికి బిగుతు మూత ఒకటి ఇవ్వాలి. దాన్ని ఊడలాగేసరికి డబ్బా ఎగిరి పౌడరంతా చొక్కా మీద పడుతుంది. ఇంకోసారి వదులు మూత ఇవ్వాలి. అప్పుడు సంచీలో ఉన్న దువ్వెనకీ, తాళాలకీ, టిఫిను డబ్బాకీ కూడా పౌడరు రాసుకుని ఊరంతా తిరుగుతారు. ఆ బిగుతుకీ ఈ వదులుకీ మధ్య వెంట్రుకవాసి చోటు ఉంది. మూతలమ్మ వయసులో సగం ఆ చోటులోనే గడిచిపోయింది.

ఇక ఎవరు చేసిన వస్తువు వాళ్లని ఊరికే వదలదన్న సంగతి అందరికీ తెలిసిందే కదా. కింద వాటాలో ఉండే టైలరు కుట్టిన గుండీ ఎక్కడ ఊడినా ఆయనకి వెక్కిళ్లు వస్తాయి. బడులు తెరిచిన వారం ఆయన గుక్కెడు నీళ్లు ప్రశాంతంగా తాగిన పాపాన పోడు. మూతలు పోసే అచ్చులు చేసే డై మేస్త్రీకి, తన అచ్చు ఏ మెషీను మీద మూసుకున్నా అరచేయి వేడెక్కుతుంది. చలికాలంలో హాయిగానే ఉంటుందంటాడు. మూతలమ్మకైతే వినపడుతుంది. తను గీసిన మూత ఏ ఇంట్లో తెరిచినా "టప్" అనీ, మూస్తే "టక్" అనీ చెవిలో మోగుతుంది. జనం ఆఫీసులకి బయల్దేరే వేళకి ఆ చప్పుడు రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు ఉంటుంది. ఆ కాసేపూ ఎవరేం మాట్లాడినా ఆవిడ తలూపుతుందంతే.

ఆ వడగళ్లలోంచి ఒక్క చప్పుడుని మాత్రం ఏరుకుంటుంది. "ట-టక్". అది ఆవిడ గీసిన మొట్టమొదటి మూత. అచ్చు సరిగ్గా కుదరక లోపలి అంచుని చేత్తో ఆకురాయి పెట్టి అరగదీసింది. అందుకే అది రెండు విడతలుగా మూసుకుంటుంది. అలాంటిది లోకంలో ఒకటే ఉంది, అది చిన్నదాని దగ్గర ఉంది. ఎక్కడుందో తెలియదు, ఫోను నంబరు మార్చేసింది. కానీ పొద్దున్నే ఎక్కడో ఒకచోట పౌడరు రాసుకుంటోంది, మూత మూస్తోంది. అంటే బాగానే ఉందన్నమాట. పెద్దమ్మాయి అలాగే అనుకునేది. అనుకుని, ఆ రోజుకి ఆ సంగతి పక్కన పెట్టేసి పనిలో పడేది.

చిన్నది ఊరికే వెళ్లిపోలేదు. అక్కచెల్లెళ్లిద్దరిదీ ఒకటే ఫ్యాక్టరీ. అక్క గీసిన మూతల్ని చెకింగ్ బల్ల దగ్గర కూర్చుని చూసి పంపడం చెల్లెలి పని. ఆ మధ్య లారీడు సరుకు వెనక్కి వచ్చింది. పెట్టెలు విప్పితే మూతలన్నీ ఊడిపోయి పౌడరు పొగలా లేచింది. ఓనరు మీసాలు, కనుబొమ్మలు తెల్లబడిపోయాయి. నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

"ఇవి చూసి పంపిందెవరు?" అని అరిచాడు ఓనరు.

మూతలమ్మ కింద పడ్డ మూత ఒకటి తీసి డబ్బాకి పెట్టి చూసింది, చూడగానే అర్థమైపోయింది. ప్లాస్టిక్ చల్లారేకొద్దీ ముడుచుకుంటుంది. ఆ నెలలో మూతలు పోసే ప్లాస్టిక్ మారింది, కొత్తది పాతదానికంటే ఎక్కువ ముడుచుకునే రకం. తను పాత లెక్కే వేసి గీసింది. మెషీన్లోంచి వేడివేడిగా వచ్చినప్పుడు మూత డబ్బాకి చక్కగా పట్టింది, చెల్లెలు చూసింది అప్పుడే. లారీ ఎక్కి చల్లారాక డబ్బా మూతిలోకి దిగే అంచు ముడుచుకుని వదులైపోయింది. తప్పు గీతలో ఉంది, చెకింగ్ బల్ల మీద లేదు.

ఆవిడ పెదవి విప్పలేదు. ఓనరు చిన్నదాన్ని అందరి ముందూ నానా మాటలూ అని ఆ పూటే పొమ్మన్నాడు. చిన్నది అక్క వైపు చూసింది. అక్క నేల వైపు చూసింది.

ఇంటికొచ్చాక చిన్నది ఒకటే అడిగింది. "నువ్వు ఒక్క మాట అనుంటే ఏం పోయేదే అక్కా?"

తప్పు చేసినవాళ్లకి కోపం ఎంత తొందరగా వస్తుందో చూడండి. "పని చేతకానివాళ్లకే మాటలెక్కువ," అంది పెద్దది. "నీవల్ల నాకూ తలవంపులు. ఉంటే నోరుమూసుకుని ఉండు, లేకపోతే నీ దారి నువ్వు చూసుకో."

చిన్నది బట్టలు సర్దుకుంది, అద్దం ముందున్న పౌడరు డబ్బా తీసి సంచీలో వేసుకుంది, అమ్మ కాళ్ల దగ్గర కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. అమ్మ పెద్దదాన్ని తిట్టలేదు, ఏడవనూ లేదు. మర్నాడు పొద్దున్న టీ కప్పు అందుకోకుండా, "చిన్నది మూసిందా?" అని అడిగింది. అప్పట్నుంచీ అడుగుతూనే ఉంది.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్న "టప్" వినపడింది గానీ "ట-టక్" వినపడలేదు.

పెద్దమ్మాయి పొయ్యి దగ్గరే నిలబడి ఎదురుచూసింది. టీ పొంగి పొయ్యి ఆరిపోయింది. ఊళ్లో మూతలన్నీ తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. వడగళ్లు ఆగిపోయాయి. ఆ ఒక్కటీ రాలేదు.

"చిన్నది మూసిందా?" గదిలోంచి అమ్మ అడిగింది.

"మూసింది," అంది పెద్దమ్మాయి. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆవిడకే తెలియలేదు.

ఆ రోజు పనిలో కూర్చుందన్న పేరేగానీ మనసు మనసులో లేదు. ఓనరు కొత్త డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. "మూతలమ్మా, దీని మూత పడితే జనం వెనక్కి తిరిగి చూడాలి. ఆ 'టక్' కోసమే కొనుక్కోవాలి."

"అలాగే సార్."

"బొమ్మ ఎప్పటికి ఇస్తారు?"

"అలాగే సార్."

ఓనరు వింతగా చూసి వెళ్లిపోయాడు. ఆవిడ లేచి డై మేస్త్రీ దగ్గరికి వెళ్లింది. చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడు, బాబాయ్ అని పిలుస్తుంది.

"బాబాయ్, తెరిచిన మూత మూసుకోకపోతే ఏమనుకోవాలి?"

"మర్చిపోయారనుకోవాలి."

"అది మర్చిపోదు."

మేస్త్రీ చేతిలో పని ఆపాడు. అదెవరో చెప్పక్కర్లేకపోయింది. "విరిగిపోలేదు కదా? విరిగితే నీకు తెలుస్తుంది."

"లేదు. విరిగితే పన్ను పీకినట్టుంటుంది. ఇది అలా లేదు. ఊరికే తెరుచుకుని ఉంది."

"మరైతే మూసేవాళ్లకి ఓపిక లేదేమో," అన్నాడాయన మెల్లిగా. అని, అనవలసింది కాదనుకున్నాడేమో, మళ్లీ పనిలో తల దూర్చేశాడు.

మూతలమ్మ తన బల్ల దగ్గరికి తిరిగి వచ్చేసింది. సాయంత్రం దాకా నిప్పుల మీద కూర్చున్నట్టు కూర్చుంది. తెరిచి ఉన్న డబ్బాలోంచి ఇంకేమైనా వినపడుతుందేమోనని చెవి రిక్కించింది. ఏమీ లేదు, నోరు తెరుచుకుని ఊరుకున్నట్టుంది అంతే.

మర్నాడు "టప్" కూడా లేదు. పెద్దమ్మాయి మొహం మీద నీళ్లు చల్లుకుని, కప్పు పట్టుకుని గదిలోకి వెళ్లింది.

"చిన్నది మూసిందా?"

"మూసిందమ్మా."

అమ్మ కప్పు అందుకోలేదు. ఆవిడ నుదుటి మీద చెమట పట్టి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పెద్దమ్మాయి కంగారుగా చెయ్యి వేసి చూస్తే ఒళ్లు పేలాలు వేగేలా ఉంది.

"జ్వరమేమిటమ్మా ఇంత! నాకు చెప్పవేం?"

"నాది కాదే," అంది అమ్మ. "దానిది."

పెద్దమ్మాయికి వెంటనే బుర్రకెక్కలేదు.

"గుండీ కుట్టినవాడికి వెక్కిళ్లు వస్తాయి. మూత గీసినదానికి చప్పుడు వినపడుతుంది," అంది అమ్మ. "మరి నేనేం చేశానంటావ్ ఈ బతుకులో? మీ ఇద్దర్నీ చేశాను. నాకు తెలియదనుకున్నావా?"

తల్లుల సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పెద్దమ్మాయీ తీసుకోలేదు. కప్పు కింద పెట్టి అమ్మ కాళ్ల దగ్గర కూలబడిపోయింది.

"మరి రోజూ నన్ను అడిగేదానివి కదా..."

"నాకు తెలియక అడిగాననుకుంటున్నావా? నువ్వు దాని మాట రోజుకి ఒక్కసారైనా చెవిన వేసుకుంటావని అడిగాను. లేకపోతే నీ పంతానికి ఈపాటికి చెల్లెలన్నదే లేదనుకునేదానివి. నిన్న అబద్ధమాడావు. నీ అంతట నువ్వే చెప్తావని పొద్దుపోయేదాకా చూశాను."

"అదెక్కడుందో నీకు తెలుసా?"

"ఎందుకు తెలియదు? ఈ భుజం అటే లాగుతుంది. వంతెన దాటాక బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే పెద్ద లాండ్రీ ఉందే, అక్కడ. ఆ ఆవిరి రోజంతా నా ముక్కులో ఉంటుంది. ఇప్పుడు ఊపిరి కూడా సరిగ్గా ఆడనివ్వడం లేదు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేమమ్మా!" పెద్దమ్మాయి ఏడుపు ఆపుకోలేకపోయింది.

"నువ్వు అడిగావా?"

పెద్దమ్మాయి కళ్లు తుడుచుకుంది.

"నేను పిలిస్తే నా కోసం వస్తుంది," అంది అమ్మ ఆయాసపడుతూ. "పొమ్మన్నది నువ్వు. రమ్మనాల్సింది నువ్వు. కానీ ఇక ఆగే టైము లేదు. వెళ్లు."

టైలరు భార్యని అమ్మ దగ్గర కూర్చోమని చెప్పి, చెప్పులు సరిగ్గా తొడుక్కున్నానో లేదో కూడా చూసుకోకుండా పరిగెత్తింది పెద్దమ్మాయి. బస్సులో వంతెన దాటుతున్నంతసేపూ ఊరంతా మూతలు మూసుకుంటూనే ఉన్నాయి. ఆవిడకి అవేవీ పట్టలేదు.

లాండ్రీలో ఆవిరికి మనుషుల మొహాలు సరిగ్గా కనపడటం లేదు. దుప్పట్లు మడతపెడుతున్న ఒకావిడని అడిగితే, "రెండ్రోజులుగా పనిలోకి రాలేదమ్మా. పైగదిలో పడుకునుంది. మేం తిండి పెడితే ముట్టలేదు. మీరేమవుతారు?" అంది.

"అక్కని," అంది పెద్దమ్మాయి. అలా అని చెప్పుకుని చాన్నాళ్లయింది.

ఇనప మెట్లు ఎక్కి వెళ్తే కిటికీ లేని గది. చాప మీద చిన్నది గోడ వైపు తిరిగి పడుకునుంది. సగానికి సగమైపోయింది. ప్రతి ఊపిరికీ ఛాతీలో గురగురమంటోంది. తలగడ పక్కన పౌడరు డబ్బా నోరు తెరుచుకుని ఉంది. మూత దాని పక్కనే ఉంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో.

"చిన్నా!"

చిన్నది మెల్లిగా ఇటు తిరిగింది. అక్కని చూసి ఆశ్చర్యపోలేదు. "ఇప్పటికి వినపడిందా?" అంది.

"రోజూ వింటూనే ఉన్నానే. ఒక్కరోజు కూడా వినకుండా లేను."

"విన్నావా?" చిన్నది దగ్గి, ఊపిరి కూడదీసుకుంది. "నీకు వినపడటం లేదేమో అనుకున్నాను. ఎంత గట్టిగా మూసేదాన్నో తెలుసా, రోజూ. తలుపు కొట్టినట్టు. అసలు నేను పౌడరు రాసుకుంటే కదా అక్కా, ఈ ఆవిరిలో పౌడరు నిలుస్తుందా? నిన్ను పిలవడానికే తెరిచేదాన్ని, పిలవడానికే మూసేదాన్ని. మూస్తే రావడం లేదని, ఇంక మూయడం మానేశాను."

పెద్దమ్మాయికి ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు. బాగున్నానని చెప్తోందనుకుని రోజూ నిశ్చింతగా పనికి వెళ్లింది తను. చెల్లెలు ఇక్కడ కూర్చుని రోజూ రమ్మని పిలిచింది.

"లే. ఆస్పత్రికి వెళ్దాం. తర్వాత మనింటికి," అంటూ వంగి చెల్లెల్ని వీపు మీదికి ఎత్తుకుంది. బరువే లేదు. ఇంకొక్క పూట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని డాక్టరు తర్వాత అన్నాడు. అప్పటికి వాళ్లకది తెలియదు.

సగం మెట్లు దిగాక వీపు మీంచి మాట వచ్చింది. "ఓనరుకి చెప్పావా?"

పెద్దమ్మాయి ఆగింది. ఏ సంగతని అడగలేదు. "లేదు."

"అయితే నన్ను దించు."

"ఒళ్లు కాలిపోతోందే. ముందు ఆస్పత్రి..."

"దించక్కా. చచ్చినా ఇక్కడే చస్తాను. వదులు మూతల్ని చూసుకోకుండా పంపిన మనిషిగా మాత్రం నీ ఇంటికి రాను."

కింద మడతలు పెట్టేవాళ్లు చేతులు ఆపి పైకి చూస్తున్నారు. పెద్దమ్మాయి చెల్లెల్ని దించలేదు. ఒక చేత్తో ఆమెని పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను తీసి, ఇనప కమ్మీకి ఆనుకుని నంబరు నొక్కింది. ఇన్నేళ్లు సంపాదించుకున్న పేరంతా ఒక్క మాటతో పోతుందని తెలుసు. అవతల ఓనరు హలో అన్నాడు.

"సార్, నేను. ఆ రోజు వెనక్కొచ్చిన సరుకు సంగతి. మా చెల్లెలి తప్పేం లేదు సార్. అది సరిగ్గానే చూసింది. తప్పు నా గీతలో ఉంది. నాకు ఆ రోజే తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను."

ఓనరు ఏదో అరవడం మొదలుపెట్టాడు. ఆవిడ ఫోను బొడ్లో దోపుకుని మిగతా మెట్లు దిగసాగింది. వీపు మీద అప్పటిదాకా వేలాడుతున్న చిన్నదాని చేతులు మెల్లిగా అక్క మెడ చుట్టూ బిగుసుకున్నాయి.