లప్పం కింద

"చేతులు సబ్బుతోని కడిగినవా? గా గాజు పొడి పిండిల కలిస్తె మా పేగులు కోస్తది" అంది సుక్కమ్మ, గడప మీద కూర్చుని వక్క నములుతూ.

వినోద అప్పటికే మూడుసార్లు కడుక్కుంది. అత్తగారి మాట కోసం నాలుగోసారి లేచింది. పడవ గీకితే లేచే పొడి సబ్బుకు పోయేది కాదు. చర్మంలో దిగి రెండు రోజులు దురద పెడుతుంది. ఆ దురదతోనే వారం రోజులుగా రొట్టెలు చేస్తోంది. మొన్న నగేష్ "గా చేతులు నాకు తాకనియ్యకు" అని అంటురోగం చూసినట్టు పక్కకు జరిగాడు. ఎవరి పడవ గీకితే ఆ పొడి అంటిందో మాత్రం మొగుడుగారికి గుర్తు రాలేదు.

అలియాబాద్ దాటాక ఒక పిక్నిక్ తోట ఉంది, అందులో ఒక కుంట. అక్కడ తిరిగే పాత ఫైబర్ పడవను ఆదివారానికి కొత్తదానిలా చేసి ఇస్తే మిగతా ఐదు పడవల పని కూడా నగేష్‌కే ఇస్తానన్నాడు తోట మేనేజరు కృష్ణారావు. పడవను ట్రాలీలో తమ ఊరు గౌడవెల్లికి తెచ్చి, వాకిట్లో టైర్ల మీద బోర్లించి, "నేను చూస్కుంట" అన్నాడు నగేష్. అన్నట్టే చూసుకుంటున్నాడు. పొద్దున బండెక్కి మేడ్చల్ పోయే ముందు ఒకసారి చూస్తాడు, తిరిగొచ్చాక ఇంకోసారి చూస్తాడు.

పని తెలిసింది వినోదకు. పెళ్లికి ముందు నాలుగేళ్లు నీళ్ల ట్యాంకులు చేసే షెడ్డులో పనిచేసింది. గాజు నార పరిచి, రెజిన్ జిగురు పూసి, పొరల మధ్య గాలి లేకుండా రోలర్‌తో ఒత్తడంలో ఆమె చెయ్యే చెయ్యి. కొత్తగా చేరినవాళ్లను సూపర్‌వైజర్ ఆమె పక్కనే నిలబెట్టేవాడు. పెళ్లిచూపుల నాడు సుక్కమ్మ "ఇగ షెడ్డుకు పోవుడేంది, మా ఇంట్ల ఏం తక్కువ?" అంది. నిజమే, ఏమీ తక్కువ కాలేదు. నగేష్ ఒప్పుకొచ్చే రిపేర్లతో షెడ్డు పని కూడా ఇంటికే వచ్చింది, జీతం ఒక్కటే రాలేదు. చుట్టాల ముందు నగేష్ నవ్వుతూ "మా ఆమెకు గదే టైంపాస్" అంటాడు. వాళ్లూ నవ్వుతారు. వినోద కూడా నవ్వింది చాలా రోజులు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

బుధవారం పాత రంగంతా ఉప్పు కాగితంతో గీకేశాక, కుండ కొనేటప్పుడు చూసినట్టు వేళ్ల కణుపులతో అడుగంతా తట్టి చూసింది. అంతటా గట్టిగా మోగింది. నడిమధ్యన, అన్నం పళ్లెమంత మేర, మొద్దుగా పలికింది. సన్నటి పగులు పక్కన బొటనవేలితో నొక్కితే లోపలికి దిగి, ఒక చుక్క నీరు ఊరింది. పొరలు విడిపోయి నీళ్లు తాగి ఉన్నాయి. నగేష్ బండి చప్పుడు వినగానే ఎదురెళ్లి చెప్పింది.

"గంత మేర కోసి, ఆరబెట్టి, కొత్త పొరలెయ్యాలె. ఐదు దినాలన్న పడ్తది."

"ఆదివారం ఇస్తనని మాటిచ్చిన. పగుల్ల లప్పం పెట్టి పూడ్చి రంగెయ్యి. కిందికి ఎవడు వంగి సూస్తడు?"

"లప్పం బరువు మొయ్యదు. ఎనిమిది మంది ఎక్కితె నడిమిట్ల ఇచ్చుకుంటది. పిల్లలెక్కే పడవ అది."

"నువ్వేమన్న ఇంజనీరువా? పని పోతె నా ఇజ్జత్ పోతది. నన్ను పరేషాన్ చెయ్యకు."

"మొగోడు అంత చెప్పినంక ఇనాలె పిల్లా" అంది గడప మీది నుంచి సుక్కమ్మ.

ఆ ఇంట్లో ఇద్దరు కలిసి ఒక మాట అన్నాక మూడో మనిషి మాట ఉండదు. మర్నాడు వినోద లప్పం పెట్టింది. ఏడుస్తూ పెట్టింది, అయినా పెట్టింది. పనిని పాడుగా చేయడం చేతకాని మనిషి కాబట్టి ఎంత నున్నగా పెట్టిందంటే, రంగు పడ్డాక ఆ చోటు ఆమెకే వెతికితే గాని దొరకలేదు. చెడగొట్టినా బాగుండేదే అనిపించింది.

శనివారం పొద్దున కృష్ణారావు వచ్చాడు. నీలం రంగు మీద ఎండ మెరుస్తోంది.

"అద్దంలా ఉందయ్యా నగేష్. ఎవరిచేత చేయించావు?"

"చేపిచ్చుడేంది సార్, నేనే చేసిన. వారం సంది నిద్ర లేదు."

చాయ్ పళ్లెంతో వస్తున్న వినోద ఆగిపోయింది.

"రేపు మా కాలనీ పిల్లలే మొదట ఎక్కేది. మా మనవరాలు లిఖిత అయితే రోజులు లెక్కపెడుతోంది" అన్నాడు కృష్ణారావు. "అడుగు గట్టిగానే ఉందిగా?"

"పక్కా సార్. నా గ్యారంటీ."

మొగుడి నోటివెంట ఆ అబద్ధం వినగానే వినోదకు కోపం రావాలి. ముందు వచ్చింది కోపం కాదు, హాయి. పని మొత్తం తనదేనని చెప్పుకున్నాడు కదా. రేపు పడవ పగిలితే అడిగేది అతన్నే. తను చాయ్ ఇచ్చి లోపలికి పోతే చాలు, వినోద అనే మనిషి ఈ పడవను ముట్టలేదని అందరూ నమ్ముతారు. ఇన్నేళ్లుగా తన పనిని మింగిన ఆ 'నేనే చేసిన' అనే మాట, ఇవాళ తన తప్పును కూడా మింగడానికి సిద్ధంగా ఉంది. ఎంత సులువు. అంత సులువుగా హాయి కలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అది కుంటలో మునిగే పిల్లల మీద కట్టుకున్న హాయి.

నగేష్ ఆమెను చూసి, చాయ్ ఇయ్యమని కళ్లతో సైగ చేశాడు.

వినోద పళ్లెం నేల మీద పెట్టింది.

"సార్, ఈయన దీన్ని ముట్టనే లేదు. పడవ చేసింది నేను. అడుగుల పగులు మీద లప్పం పెట్టి దాచింది గూడ నేనే. రేపు దీన్ని నీళ్లల్ల దించొద్దు."