రెండో కారు

గిన్నెలు కడిగే మెషీన్లోంచి పళ్లేలు తీసి అలమరలో సర్దుతూనే కోరిన్ మీటింగ్ వింటోంది. వడగళ్లకి సొట్టలు పడ్డ కార్లకీ, చిల్లులు పడ్డ ఇంటి పైకప్పులకీ ఇన్సూరెన్స్ ఎంత ఇవ్వాలో తేల్చడం ఆమె ఉద్యోగం. వంటింటి బల్లే ఆఫీసు. మేడ మీద తలుపున్న గది మొగుడు గార్త్‌ది. కెనడాలోని ఆ విన్నిపెగ్ ఊళ్లో అందరి ఆఫీసులూ ఇళ్లకొచ్చినప్పుడే వీళ్లిద్దరివీ వచ్చాయి. గది మాత్రం అతనికే వచ్చింది. "పని మీద మనసు నిలవాలంటే నాకు తలుపుండాలి కోరిన్" అన్నాడు. ఆమె మనసు తలుపు లేకపోయినా నిలుస్తుంది కాబోలు!

"ఎలాగూ ఇంట్లోనే ఉన్నావుగా." పొద్దున లేస్తే ఇదే మాట. రెండు వీధుల అవతల ఉండే అత్తగారు వీరా కుక్కని తెచ్చి గుమ్మంలో వదిలేస్తుంది. "ఎలాగూ ఇంట్లోనే ఉన్నావు కదమ్మా, సాయంత్రం దాకా చూడు, అదేం అల్లరి చెయ్యదు" అంటుంది. అది సరిగ్గా మీటింగ్‌లోనే మొరుగుతుంది. గార్త్ కాఫీకి దిగొచ్చి పొయ్యి మీద మూత ఎత్తి చూస్తాడు. "ఇంకా ఏమీ వండలేదా? పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నావే!" ఇక్కడే ఉంది మరి, ఎక్కడికి పోతుంది? ఒళ్లు హూనమైపోతోంది. ఆఫీసుకెళ్లే రోజుల్లో ఇంటి పని సాయంత్రం మొదలయ్యేది. ఇప్పుడది ఆగితే కదా, మొదలవడానికి!

పోయిన ఆదివారం అత్తగారింట్లో బంగాళాదుంప కూరిన పెరోగీలు తింటూ ఉంటే కారు మాట ఆవిడే ఎత్తింది. "ఇంకా రెండో కారెందుకురా మీకు? దండగ కాకపోతే!" గార్త్ తలూపాడు. మర్నాడే కారు అమ్ముతామని ప్రకటన పెట్టేశాడు. "నీతో అందామనే అనుకున్నా, మర్చిపోయా" అన్నాడు. కోరిన్ ఏమని చెప్తుంది? ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు డోనట్ల కొట్టు వెనక బండి ఆపుకుని, ఎవరికీ పెళ్లాం, అమ్మ, కోడలు ఏమీ కాకుండా కాసేపు కూర్చునేదాన్నని చెప్తే నవ్వడూ? ఇంట్లో తనకంటూ ఒక్క తలుపు లేదు. ఆ కారుకి నాలుగున్నాయి. అది పోతుందని తలుచుకుంటే చాలు, ఏడుపొస్తోంది.

ఫోన్లో మెసేజ్ మెరిసింది. మేడ మీంచి గార్త్. "కొనేవాడు వచ్చాడు. నాకు మీటింగ్. నువ్వు కాస్త చూపించవూ?"

ఆమెకీ మీటింగే. మాట్లాడాల్సిన వంతు కూడా దగ్గరికొచ్చింది. కోటు తగిలించుకుంది. లాప్‌టాప్ చంకన పెట్టుకుని బయటికి నడిచింది.

చెవులు కప్పే టోపీ పెట్టుకున్న పెద్దాయన అప్పటికే డ్రైవర్ సీట్లో కూర్చుని చూస్తున్నాడు.

"బండి బాగానే ఉందమ్మా. ఎందుకమ్మేస్తున్నారు?"

"ఎవరూ వాడట్లేదని."

"వాడకపోతే సీటు ఇంత గుంట పడుతుందా? ఎవరో తెగ కూర్చున్నారు ఇందులో."

కోరిన్ కారు తలుపు మీద చెయ్యి వేసింది.

"నేనేనండీ. ఏమీ అనుకోకండి, ఈ బండి అమ్మట్లేదు."

"అదేంటి! మీ ఆయన రమ్మంటేనే కదా వచ్చింది?"

"బండి ఆయనది కాదండీ, నాది."

"ఆ మాట ముందే చెప్పొద్దూ! ఇంత చలిలో చచ్చీ చెడీ వచ్చా" అని గొణుక్కుంటూ దిగాడు పెద్దాయన.

"నిజమే, ముందే చెప్పాల్సింది" అంది కోరిన్.

చలికి ఇంజిన్ గడ్డకట్టకుండా తగిలించిన కరెంటు వైరు ఊడబీకి, బండి తీసింది. లైబ్రరీ ముందు ఆపి, ఫోన్లోంచి నెట్ పెట్టుకుని మీటింగ్‌లో కలిసింది. చెప్పాల్సిందంతా ఒక్కసారి కూడా తడబడకుండా చెప్పింది. "ఇవాళ నీ వెనక చప్పుడే లేదే!" అని పై ఆఫీసరమ్మ ఆశ్చర్యపోయింది.

మీటింగ్ అయిందో లేదో గార్త్ ఫోన్.

"ఏమైపోయావ్? కారు లేదు, నువ్వూ లేవు! అమ్మ కుక్కని వదిలేసి పోయింది, అది ఒకటే మొరుగుడు. మన టెస్‌ని బడి నుంచి తీసుకురావాలి. ఎక్కడున్నావసలు?"

"ఆఫీసులో."

"ఆఫీసేంటి, పిచ్చా నీకు? మరి ఇక్కడ ఇవన్నీ ఎవరు చూస్తారు?"

కోరిన్ సీటు కాస్త వెనక్కి వాల్చుకుంది.

"ఎలాగూ నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా" అంది.