సూది ఒకసారి, హుక్కు రెండుసార్లు

చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో నూట అరవై మిషన్లున్నాయి. వాటిలో ఏది మొరాయించినా ముందు వినపడే కేక "గేరక్కా" అనే. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది గానీ, ఇరవై రెండేళ్లుగా ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. మిషన్ చప్పుడు వింటే చాలు, మూత తీయకుండానే జబ్బెక్కడుందో చెప్పేస్తుంది. మొదట్లో ఆమె కూడా కుట్టుపనికే చేరింది. మిషన్ ఆగినప్పుడల్లా మెకానిక్ కోసం గంటలు గంటలు కళ్లు కాయలు కాసేలా ఎదురుచూడలేక ఒకరోజు తనే విప్పింది. తిట్లు తింది. మిషన్ మాత్రం నడిచింది. కొన్నాళ్లకు ఆ మెకానిక్ మానేస్తే, కొత్తవాడు దొరికేదాకా చూస్తూ ఉండమని ఆమెకు అప్పజెప్పారు. ఆ కొత్తవాడు ఇంకా దొరకలేదు.

ఆమె భర్తకు బజారు మలుపులో చిన్న సెలూన్ ఉంది. కత్తెర పట్టాడంటే చెయ్యి నీళ్లలా పారుతుంది గానీ, ఇంట్లో బల్బు మార్చాలంటే భార్య స్టూలెక్కాల్సిందే. దాని గురించి ఆయనేమీ నామోషీ పడడు. వచ్చిన గిరాకీలకు తనే చెప్పి నవ్విస్తాడు.

ప్లాస్టిక్ ముక్కల పిచ్చి ఆమెకు నలభై నాలుగో ఏట పట్టుకుంది. పాత సామాన్ల సంతలో ఒకడు పిల్లలు ఆడి వదిలేసిన ఒకదానికొకటి బిగించి కట్టే బొమ్మల ముక్కల్ని గోనెసంచిలో పోసి తూకానికి అమ్ముతున్నాడు. చిల్లుల కడ్డీలు, ఇరుసులు, పిన్నులు, చక్రాలు అన్నీ కలగాపులగం. ఊరికే చెయ్యి పెట్టి కెలికితే ఒక గేరు తగిలింది. దాని జోడీ కోసం వెతికి, రెండిటినీ పక్కపక్కన ఆనించి తిప్పింది. పంటిలో పన్ను పడి ఒకటి తిరిగితే రెండోదీ తిరిగింది. ఫ్యాక్టరీలో ఇనుము చేసే పనే ఇది. కానీ ఇక్కడ మసి లేదు, నూనె లేదు, పై వాళ్లు గడియారం చూసుకుంటూ నెత్తిన నిలబడటం లేదు. సంచి మొత్తం కొని భుజానికెత్తుకుంది.

ఏడేళ్లు గడిచేసరికి వాళ్ల ముందుగది రూపమే మారిపోయింది. సెలూన్‌లో ఖాళీ అయిన క్రీము డబ్బాలన్నీ ఇంటికొచ్చి పిన్నులతో, ఇరుసులకు తొడిగే బుష్‌లతో నిండాయి. గోడ పొడుగునా అరలు, అరల్లో కొత్త సెట్ల పెట్టెలు, పెట్టెల మీద ఆమె కట్టిన క్రేను, రెండు స్పీడుల గేరుబాక్సు, లోలకంతో నడిచే గడియారం. చుట్టాలొస్తే కూర్చోవడానికి రెండు కుర్చీలు మాత్రం మిగిలాయి.

ఆడపడుచు ఒకసారి వచ్చి ఆ గదిని ఎగాదిగా చూసి, వంటింట్లో తమ్ముడి చెవిలో ఏదో గొణిగింది. పిల్లల్లేని లోటు పాపం ఇలా తీర్చుకుంటోందనీ, ఎవరికైనా చూపించమనీ ఆ గొణుగుడు సారాంశం. గోడకు చెవులుండే ఇల్లది. గేరక్క అన్నం వడ్డించి, మజ్జిగ దాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"లోటు తీర్చుకోడానికి కాదు వదినా, ఇష్టమై చేస్తున్నా. పిల్లలున్నా సరే, వీటి మీద చెయ్యి వెయ్యనిచ్చేదాన్ని కాదు."

ఆ మాటకు ఆమె భర్తకు పొలమారింది. ఆడపడుచు మళ్లీ ఆ ఊసెత్తలేదు.

కుట్టుమిషన్ కట్టాలన్న ఆలోచన ఆ తర్వాతిది. బొమ్మలా కనపడే మిషన్ కాదు, నిజంగా కుట్టే మిషన్. దారానికి బదులు ఊలు, గుడ్డకు బదులు వదులు అల్లికల వల. ప్రతి భాగమూ సెట్లలోని ముక్కే కావాలి, కోసిందీ అతికించిందీ ఉండకూడదని తనకు తనే షరతు పెట్టుకుంది. పదకొండు నెలలు పట్టింది. మూడుసార్లు మొత్తం కట్టి మొత్తం విప్పింది. చివరికి చేతిపిడి తిప్పితే సూది దిగింది, కింద హుక్కు తిరిగింది, వల ఒక గడి ముందుకు జరిగింది, కుట్టు పడింది. ఆ రోజు భోజనాల వేళ దాన్ని ఫ్యాక్టరీకి తీసుకెళ్లి తోటి ఆడవాళ్లకు చూపించింది. వాళ్లలో కొందరు కుట్టు ఎలా పడుతుందో జన్మలో మొదటిసారి కళ్లారా చూశారు.

ఫ్యాక్టరీ ఇంజినీరు కూడా చూశాడు. ఆయన వచ్చి రెండేళ్లే అయింది. బాయిలరూ కరెంటూ ఆయన చూసుకునేవాడు, మిషన్ల జోలికి వచ్చేవాడు కాదు. ఆయన మోడల్ కట్టేవాళ్ల సంఘంలో సభ్యుడట. వచ్చే నెల ప్రదర్శన ఉంది, పోటీ కూడా ఉంటుంది, తీసుకురమ్మని చెప్పాడు. ఆమె సంతోషంగా సరేనంది.

ప్రదర్శన ఒక పెద్ద సమావేశ మందిరంలో జరిగింది. పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చున్నాయన, పెట్టె మోసుకొచ్చిన భర్తను చూసి, ఎన్ని ముక్కలు, ఎన్ని గంటలు పట్టింది అని అడగడం మొదలుపెట్టాడు. "నేను కూలీనండీ, మేస్త్రి ఆవిడ" అన్నాడు భర్త. బల్ల దగ్గరాయన నవ్వాడే గానీ తర్వాతి ప్రశ్న కూడా భర్తనే అడిగాడు.

ఒంటిగంటకు న్యాయనిర్ణేత వచ్చాడు. రిటైరైన ప్రొఫెసరు, మెళ్లో కళ్లజోడు తాడు, చేతిలో మార్కుల కాగితం. చేతిపిడి తిప్పి చూసి, వంగి కింద నుంచి చూసి, లేచి మళ్లీ తిప్పాడు. ముఖం వెలిగింది. ఇంత లోతైన పని ఎవరి ఆలోచన అని అడిగాడు. గేరక్క నోరు తెరిచేలోపే పక్క బల్ల నుంచి ఇంజినీరు వచ్చాడు.

"మా ఫ్యాక్టరీ ఆవిడే సార్. చేతిపని ఆవిడదే. నేను కొంచెం గైడ్ చేశాను."

ప్రొఫెసరు తల పంకించి, అదీ సంగతి అన్నట్టు కాగితం మీద ఏదో రాశాడు. కాగితం ఆమెకు తలకిందులుగా ఉంది. తలకిందులుగానే చదివింది. మార్గదర్శకుడు అన్న మాట, దాని కింద ఇంజినీరు పేరు. ఆమె ఆయన వంక చూసింది. ఆయన ఫోను వంక చూసుకున్నాడు.

ఒళ్లంతా కారం రాసినట్టయింది ఆమెకు. ఆమె సెలవు చీటీ మీద సంతకం పెట్టేది ఇంజినీరే. భర్తకు అదే గుర్తొచ్చి మోచేయి పట్టుకున్నాడు, పోనిద్దూ అన్నట్టు. ఆమె మోచేయి విడిపించుకుని, మిషన్ పైభాగంలోంచి ఒక పిన్ను లాగింది. తర్వాత ఇంకోటి. సూది కడ్డీ ఊడి చేతిలోకొచ్చింది. చూస్తుండగానే చట్రం వీడి బల్ల మీద పరుచుకుంది.

ప్రొఫెసరు కంగారుపడ్డాడు. నాలుగింటికి మార్కులు ముగుస్తాయనీ, అప్పటికి నిలబడి పనిచెయ్యని మోడల్‌ను లెక్కలోకి తీసుకోరనీ చెప్పాడు. తెలుసునంటూనే ఆమె చివరి ఇరుసు కూడా లాగేసింది. పదమూడు వందల పైచిలుకు ముక్కలు కుప్పయ్యాయి. ఆ కుప్పలోంచి గేర్లన్నీ ఏరి ఇంజినీరు ముందుకు జరిపింది.

"మీరు గైడ్ చేశారు కదా సార్. సూది ఇరుసుకీ హుక్కు ఇరుసుకీ మధ్య ఏ గేర్లు పడతాయో తీసివ్వండి. మిగతాదంతా నేను కట్టుకుంటా."

అప్పటికి పదిమంది పోగయ్యారు. ఇంజినీరు నవ్వడానికి ప్రయత్నించి, కాసేపు వెతికి, ఒకే సైజు గేర్లు రెండు తీసిచ్చాడు. ఆమె వాటిని మర్యాదగానే పక్కన పెట్టింది. నలభై పళ్ల గేరొకటి, ఇరవై పళ్ల గేరొకటి తీసి ప్రొఫెసరుకు చూపించింది.

"సూది ఒకసారి దిగి లేచేలోపు హుక్కు రెండుసార్లు తిరగాలండీ. మొదటి చుట్టులో దారం అందుకుంటుంది, రెండో చుట్టు ఉత్తదే. ఆ ఉత్త చుట్టు తిరుగుతుండగానే పైనుంచి దారం బిగుసుకుంటుంది. సమానం గేర్లేస్తే కుట్టు పడదు, చిక్కు పడుతుంది."

ఇంజినీరుకు సరిగ్గా అప్పుడే ఫోనొచ్చింది, లేదా వచ్చినట్టు చెవిన పెట్టుకున్నాడు. బయటికి నడిచినవాడు మళ్లీ ఆ బల్ల వైపు రాలేదు.

ఆమె కొంగు బిగించి, మిషన్ మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. ముందు చట్రం, తర్వాత ఇరుసులు, తర్వాత గుడ్డను జరిపే పళ్ల పట్టీ. చుట్టూ చేరినవాళ్లు పోతున్నారు, వస్తున్నారు. భర్త టీ తెచ్చి పెడితే అది చల్లారిపోయింది. నాలుగింటికి గంట కొట్టేసరికి మిషన్ సగం కూడా లేదు. వేదిక మీద పేర్లు పిలిచారు, చప్పట్లు వినపడ్డాయి. ఆమె తలెత్తలేదు. పెద్ద తవ్వకం యంత్రం కట్టిన లావుపాటి కళ్లజోడాయనకు మొదటి బహుమతి వచ్చింది. ఆయన కప్పు తీసుకుని తిన్నగా ఆమె బల్ల దగ్గరికొచ్చి, దాన్ని కింద పెట్టి, ఏమైనా పట్టుకోమంటారా అని అడిగాడు.

"పట్టుకోండి. బిగించకండి" అంది.

ఆయన బుద్ధిగా చట్రం పట్టుకుని నిలబడ్డాడు. హుక్కు కొన సరిచెయ్యడానికే గంట పైన పట్టింది. సూది అట్టడుగు దాకా దిగి లేవబోయే క్షణంలో ఊలు కొంచెం పక్కకు ఉబుకుతుంది. కొన అప్పుడే రావాలి, ముందొచ్చినా ఆలస్యంగా వచ్చినా జారిపోతుంది. గేరును ఒక్కో పన్ను చొప్పున జరుపుకుంటూ పోయింది. ఆరున్నరకు తాళంచేతులు పట్టుకుని మందిరం కాపలాదారు కూడా వచ్చి నిలబడ్డాడు. ఆమె చేతిపిడి తిప్పింది. వల మీద వరసగా పదకొండు కుట్లు పడ్డాయి. కాపలాదారు వేలితో ఊలు లాగి చూశాడు. ఊడలేదు.

ప్రొఫెసరు అంతసేపూ వెళ్లకుండా ఉన్నాడు. బహుమతి తన చేతుల్లో లేదనీ, ప్రత్యేక ప్రశంసాపత్రం మాత్రం పంపిస్తాననీ చెప్పాడు. ఆమె దండం పెట్టి పెట్టె సర్దుకుంది.

సోమవారం ఇంజినీరు ఆమెను తన గదికి పిలిపించాడు. పదిమందిలో తన పరువు తీసిందన్నాడు. నిలబెట్టే అడిగాడు, ఆమె నిలబడే చెప్పింది.

"మీ పరువు నేను తియ్యలేదు సార్. నా పని మీరు తీసుకున్నారు, నేను వెనక్కి తీసుకున్నా."

ఆ నెల ఆమె అడిగిన రెండు సెలవులూ మంజూరు కాలేదు. ఆమె మూడోది కూడా అడిగింది. అదీ కాలేదు. అయినా మిషన్ ఆగితే ఆడవాళ్లు ఇంజినీరును పిలవలేదు, మునుపటికంటే గట్టిగా "గేరక్కా" అని కేకేశారు.

ప్రశంసాపత్రం మూడు వారాలకు వచ్చింది. మందపాటి కాగితం, బంగారు అంచు. మధ్యలో ఆమె పేరు, దాని కిందే చిన్న అక్షరాల్లో ఇంజినీరు మార్గదర్శకత్వంలో అని ఉంది. ఎవరో ఆ పాత మార్కుల కాగితం చూసి అచ్చు వేయించినట్టుంది. భర్త దాన్ని సెలూన్‌లో అద్దం పక్కన పెడదామని ముచ్చటపడ్డాడు. ఆమె వెనక్కి పంపేస్తానంటే, ఒక్క లైనే కదా, ఎవరు చదువుతారని బతిమాలాడు.

"మీ షాపు బోర్డు కింద పక్క సందు సెలూన్ ఆయన పేరు చిన్న అక్షరాల్లో రాస్తే ఊరుకుంటారా?"

ఆయన కాగితాన్ని మళ్లీ కవరులో పెట్టాడు. మంగళవారం సెలూన్‌కు సెలవు. పొద్దున్నే చొక్కా మార్చుకుని, ఆ కాగితం చంకన పెట్టుకుని, రెండు బస్సులు మారి సంఘం ఆఫీసుకు తనే వెళ్లాడు. అక్కడివాళ్లు కమిటీని అడగాలన్నారట. అడిగేదాకా కూర్చుంటానని మధ్యాహ్నం దాకా కూర్చున్నాడట. జీవితంలో ఎవరితోనూ గొడవపడని మనిషి ఇంటికొచ్చి ఆ కథ నాలుగుసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఒక గంట ఎక్కువ కూర్చున్నాడు.

కొత్త ప్రశంసాపత్రం ఇంకో నెలకు గానీ రాలేదు. క్షమాపణ మాటేమీ లేదు, కానీ ఆ లైనూ లేదు. గేరక్క దాన్ని ఒకసారి చదివి భర్తకిచ్చేసింది. ఆ కవరులోనే వచ్చే ఏడాది పోటీ దరఖాస్తు కూడా ఉంది. ఈసారి మగ్గం కట్టాలని ఆమె అప్పటికే నిర్ణయించుకుంది. బల్ల మీద ముక్కలు పక్కకు నెట్టి, దరఖాస్తు పరిచి, పేరు, వయసు, వృత్తి నింపింది. మార్గదర్శకుడి పేరు రాయాల్సిన గడి దగ్గర ఆగి, ఈ మూల నుంచి ఆ మూలకు ఒక గీత కొట్టింది. కాగితం చిరిగింది. అలాగే మడిచి పంపించింది.