ఊరి పని హాజరు

ఓక్ చెట్టు కూలింది. కొమ్మల మీద దొన్నెల్లా పెరిగిన ఆకుమొక్కలు చీలి, వాటిలోని వాన నీళ్ళతో పాటు వేలెడంత సాలమాండర్లు, తడిచర్మపు బల్లుల్లాంటివి, బాట మీద పడ్డాయి. ఒహాకా మబ్బుకొండల్లో ఆ అడవి తప్ప వాటికి మరో ఇల్లు లేదు. లారీ చక్రం వాటి మీదుగానే పోయింది.

"ఆపండ్రా! ఇది ఊరి అడవి!" అడవి పెద్ద నికానోర్ లారీకి అడ్డం నిలబడ్డాడు.

కలప కంట్రాక్టరు కాగితాలు ఊపాడు. "నరకమని మీ ఊరే ఒప్పుకుంది. సంతకాలు చూస్కోండి."

జనం ఎగబడ్డారు. సంతకాలు తమవే. ఊట నుంచి కాలువ తవ్విన రోజు, ఊరి పనికి వచ్చామని హాజరుపట్టీలో పెట్టినవి. పైన కుట్టిన ఒప్పందమే కొత్తది.

"పట్టీ అడవి పెద్ద దగ్గరే కదా ఉండేది? ఏం నికానోర్, అమ్ముడుపోయావా?"

వెనక కంచరగాడిదను పట్టుకున్న ఫిడెన్సియోకి ఆ మాట చెవిలో తేనె పోసినట్టయింది. పుట్టగొడుగులు సంతకు మోసే వ్యాపారి అతను. మనుషుల్నీ తూచే చూస్తాడు. సాలమాండర్ల ఊటను పట్నం విద్యార్థులకు చూపించింది తను. పత్రికలో బొమ్మ పడింది నికానోర్‌ది. అడవి పెద్దను ఎన్నుకున్నప్పుడు చేతులు లేచిందీ వాడికే. ఆ కడుపుమంట కనిపెట్టే కంట్రాక్టరు అడిగాడు: "కాలువ నీ ఘనతేనని పై అధికారులకు రాస్తాను, పట్టీ తెచ్చివ్వు." ఫిడెన్సియో అడవి పెద్ద కచేరీ గదిలోంచి దొంగతనంగా తెచ్చిచ్చాడు. తన వైపు మొగ్గుతుందనుకున్న తక్కెడలో ఇప్పుడు ఊరే తేలిపోతోంది.

లారీకి అడ్డం పడ్డాడని, కంట్రాక్టరు వెంట వచ్చిన పోలీసులు నికానోర్‌ను తమ జీపు వైపు ఈడ్చారు. అతను వంగి, మట్టిలో కొట్టుకుంటున్న సాలమాండర్‌ను తడి నాచులోకి తోశాడు. జనం అది చూశారు.

"వీడా అడవిని అమ్మేది?" ఎర్మీలా అవ్వ కళ్ళు తుడుచుకుంది.

జైలుకి పోతూ కూడా ఊరి మనసు వాడే మూటగట్టుకుపోతున్నాడు! ఫిడెన్సియో ఒళ్ళు భగ్గుమంది. ఆ మంటే అతన్ని ముందుకు తోసింది.

"ఒరే నికానోర్, నా తప్పులోనూ నువ్వే పేరు కొట్టేస్తావా? పట్టీ ఇచ్చింది నేను! ఈ దొంగకి ఇచ్చాను! మనం సంతకం పెట్టింది పార పట్టినందుకు, అడవి నరకమని కాదు!"

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా, గాడిదా!" నికానోర్ కసిరాడు.

"నీకు చెప్పేదేంట్రా?"

ఇద్దర్నీ జీపెక్కించారు. జీపు కదలలేదు. ఎర్మీలా అవ్వ కంట్రాక్టరు చేతిలోని పట్టీ లాక్కుని బాట మధ్య చతికిలబడింది.

"ఊరి పని ఇవాళ ఇక్కడే. హాజరు పిలుస్తున్నా. ఆదెలాయిదా?"

"ఉన్నా!" ఆదెలాయిదా వచ్చి పక్కన కూర్చుంది.

పేరు తర్వాత పేరు. పిలిచినవాళ్ళంతా బాటకడ్డంగా కూర్చున్నారు. లారీవాడు ఇంజను ఆపేశాడు.

"నికానోర్?"

"ఉన్నా!"

"ఫిడెన్సియో?" అవ్వ తలెత్తి చూసింది. ఊరంతా చూసింది.

నికానోర్ గొంతును మించి జీపులోంచి కేక లేచింది: "ఉన్నానవ్వా!"